భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మృదంగానికి చోటు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవం జరుపుకుంటున్నాం. పదార్థాన్ని తాకి చెదిరే కాంతిలో కొంత భాగం రంగు మారుతుందని 1928లో సర్ సి.వి. రామన్ కలకత్తాలో చేసిన ఆవిష్కరణకు, అంటే రామన్ ఎఫెక్ట్‌కు, గుర్తుగా ఆ తేదీని ఎంచుకున్నారు. ఆ రోజు బడుల్లో ఆయన పటానికి పూలమాల వేస్తారు, పిల్లల చేత రామన్ ఎఫెక్ట్ నిర్వచనం వల్లె వేయిస్తారు, వక్తృత్వ పోటీలు పెట్టి బహుమతులిస్తారు. డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నేను కూడా అలాంటి సభలు చాలానే నడిపాను. అయితే నేను నడిపినవాటిలో గాని, వెళ్లి కూర్చున్నవాటిలో గాని రామన్ మృదంగం మీద రాసిన పరిశోధన పత్రాల ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. ఆ లోటును మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, ముఖ్యంగా ఉపాధ్యాయుల ముందు, ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

రామన్ 1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా ఆయన బాల్యం గడిచింది మన విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించేవారు; ఇంట్లో వయొలిన్ వాయించేవారు. పదకొండో ఏటనే మెట్రిక్యులేషన్ ముగించిన ఆ పిల్లవాడు లెక్కల పుస్తకాన్నీ వయొలిన్ కమానునూ ఒకే మనిషి చేతిలో చూస్తూ పెరిగాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు పూర్తిచేసి, 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా చేరిన తరువాత, ఆఫీసు వేళలకు ముందూ వెనకా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో ఆయన చేసిన తొలినాటి పనిలో పెద్ద భాగం కాంతి మీద కాదు, ధ్వని మీద. కమాను రాపిడికి తంత్రి ఎలా కంపిస్తుంది, వయొలిన్‌లో ఒక్కొక్కచోట స్వరం నిలవకుండా గొంతు బొంగురుపోయినట్టు ఎందుకు తడబడుతుంది అనే ప్రశ్నలే ఆయన్ని ఏళ్ల తరబడి పట్టుకున్నాయి. 1918లో వయొలిన్ కుటుంబానికి చెందిన వాద్యాల మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి మన చర్మవాద్యాల మీద రాసిన చిన్న పత్రం 'నేచర్' పత్రికలో వచ్చింది. 1921లో వీణ, తంబూరాల మీద మరొకటి వచ్చింది. 1930లో నోబెల్ బహుమతి అందుకున్న నాలుగేళ్లకు, తాను స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రిక తొలి సంపుటంలోనే, ఆయన మళ్లీ మృదంగం దగ్గరికి వచ్చి వివరంగా రాశారు. ప్రపంచం తలకెత్తుకున్న తరువాత కూడా ఒక శాస్త్రవేత్త తిరిగి వచ్చి కూర్చున్న విషయాన్ని కాలక్షేపంగా భావించడం సరికాదు.

ఆ విషయంలో అంత లోతు ఏముందో కొంచెం విడమరచి చెప్పడానికి అనుమతించండి. తీగను మీటినప్పుడు ప్రాథమిక స్వరంతో పాటు దానికి సరిగ్గా రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) గల అతిస్వరాలు కూడా పుడతాయి. ఆ పూర్ణాంకాల పొందిక వల్లనే తీగ నాదం చెవికి శ్రుతిగా, నిండుగా వినిపిస్తుంది. గుండ్రని చట్రానికి బిగించిన తోలు అలా ప్రవర్తించదు. అంతటా ఒకే మందం గల తోలును కొడితే వచ్చే అతిస్వరాలు ప్రాథమిక స్వరానికి సుమారు 1.59, 2.14, 2.30, 2.65, 2.92 రెట్లు ఉంటాయి. వీటిలో దేనికీ పూర్ణాంకంతో పొత్తు లేదు. అందుకే మామూలు ఢంకా దెబ్బలో శబ్దం ఉంటుంది, లయ ఉంటుంది గాని, ఫలానా శ్రుతి అని చెప్పడం కష్టం. మృదంగం మాత్రం గాయకుడి షడ్జమానికి కలుస్తుంది. తోలుకు సహజంగా లేని ఈ గుణం దానికి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే రామన్ వేసుకున్న ప్రశ్న.

సమాధానం మృదంగం కుడివైపు తోలు మూత నడుమ కనిపించే నల్లటి వలయంలో, అంటే కరణిలో ఉంది. నల్లరాతి పొడిని అన్నంతో కలిపి మెత్తగా నూరిన ముద్దను పొరలు పొరలుగా వేసి తయారుచేసే ఆ బిళ్ల, తోలుకు నడుమ బరువును పెంచుతుంది. తోలు ఊగే ఒక్కో తీరును కంపన రీతి అంటాం. మొదటి కంపన రీతిలో తోలు అన్నిటికన్నా ఎక్కువగా ఊగేది నడుమనే కాబట్టి, అక్కడి బరువు ఆ రీతిని బాగా నెమ్మదింపజేస్తుంది. రెండో రీతిలో తోలు నడుమ గీత గీసినట్టు రెండు సగాలుగా విడిపోయి, ఒకటి లేచినప్పుడు మరొకటి దిగుతుంది. కేంద్రం కదలదు కనుక నడిమి బరువు దాన్ని అంతగా బాధించదు. మొదటిది నెమ్మదించి రెండోది పెద్దగా మారకపోతే వాటి మధ్య నిష్పత్తి సాగుతుంది. సాగి సాగి, 1.59 దగ్గర ఉండవలసింది 2 దగ్గరికి చేరుతుంది. 2.14, 2.30 దగ్గర వేరువేరుగా ఉండవలసిన రెండు రీతులు 3 దగ్గర ఒకటిగా కలుస్తాయి. ఆ పై రీతులు కూడా ఇలాగే రెండేసి, మూడేసి జట్టుకట్టి 4, 5 అంకెల దగ్గర సర్దుకుంటాయి. మొత్తం తొమ్మిది కంపన రీతులు ఐదు స్వరాలుగా పొందుపడతాయని రామన్ చూపించారు. అందుకు ఆయన వాడిన సాధనం కూడా ఖరీదైనది కాదు. మూత మీద సన్నని ఇసుక చల్లి, కొట్టినప్పుడు ఆ ఇసుక తోలు కదలని గీతల వెంట చేరి గీసే బొమ్మలను ఆయన పరిశీలించారు.

ఇక్కడ వాదకుడి వేళ్ల పాత్ర కూడా చెప్పాలి. 'నం' అనే దెబ్బకు ఉంగరపు వేలిని కరణి అంచున తేలికగా ఆనించి, చూపుడు వేలితో మూత అంచును కొడతారు. ఆనించిన వేలు మొదటి రీతిని ఆపివేస్తుంది. ఆ వేలి కింద అస్పందన రేఖ, అంటే తోలు కదలని గీత, ఉన్న రీతులు మాత్రం మిగిలి మోగుతాయి. అదే వేలు తీసేసి కొడితే నాదం మారిపోతుంది. అంటే ప్రతి జతి ఏ కంపన రీతులను ఉంచాలో, ఏవి తుడిచేయాలో వేళ్లు చేసే ఎంపిక. గురువుల వద్ద ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్లలకు ఈ ఎంపిక చేతికి వస్తుంది. దాన్ని అంకెల్లో రాసి చూపించడం రామన్‌కు వచ్చింది. ఈ రెండు విద్యలూ ఒకే వస్తువుకు అటూ ఇటూ కూర్చున్నాయి.

నా చిన్నతనంలో విజయనగరంలో మా మృదంగం మాస్టారు తన వాద్యానికి కొత్త మూత వేయించడానికి వెళుతూ ఒకసారి నన్ను వెంట తీసుకువెళ్లారు. పెంకుటింటి అరుగు మీద గోనె పరుచుకుని కూర్చున్న ఒక వృద్ధుడు, మృదంగాన్ని ఒళ్లో నిలబెట్టి, చిటికెడు ముద్ద తీసి బొటనవేలితో మూత నడుమ పలచగా పులిమి, నున్నటి రాయితో రుద్దడం మొదలుపెట్టాడు. ముద్ద ఆరి, బిగుసుకుని, కంటికి ఆనీ ఆనని బీటలు విచ్చేదాకా రుద్దాడు. ఆ బీటలే లేకపోతే కరణి రాయిలా గడ్డకట్టి తోలును ఊగనివ్వదని ఎన్నో ఏళ్ల తరువాత చదువుకున్నాను. ఒక్కో పూతకు ముందరి దానికన్నా కొంచెం చిన్న వలయం. పూత పూతకూ వేలితో ఒక దెబ్బ, తల పక్కకు వంచి ఒక క్షణం వినడం, మళ్లీ రాయి. ఎన్ని పూతలు వేయాలి తాతా అని అడిగితే, "అది మనం చెప్పేది కాదు బాబూ, అదే చెప్పాల, నోరు విప్పాల" అన్నాడు. మధ్యాహ్నం దాటిన తరువాత ఒక దెబ్బ దగ్గర ఆగి, నా వైపు చూసి, మళ్లీ అదే దెబ్బ కొట్టాడు. తేడా నాకు కూడా వినిపించింది. అంతవరకు 'దబ్' అన్నది ఇప్పుడు పాడుతోంది. రెండో రీతి సరిగ్గా రెండు రెట్ల దగ్గరికి చేరిన క్షణం అదేనని ఇప్పుడు నేను చెప్పగలను. ఆయన మాత్రం చెవితో పట్టుకున్నాడు.

ఆ వృద్ధుడి వంటి వారిని తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కచేరీ ఆహ్వాన పత్రికలో గాయకుడి పేరు, పక్కవాద్యాల వారి పేర్లు, కొన్నిసార్లు మైకు వారి పేరు కూడా ఉంటాయి. మూత వేసినవారి పేరు ఉండదు. విజ్ఞానశాస్త్ర పత్రాల్లోనూ ఉండదు. తోలు పని చేసే కుటుంబాలను సమాజం ఎంత దూరంలో కూర్చోబెట్టిందో అందరికీ తెలిసినదే. వారి చేతుల్లో పరిష్కారమైన ఒక కఠినమైన సమస్యను 20వ శతాబ్దంలో ఒక గొప్ప భౌతికశాస్త్రవేత్త గణితంతో వివరించవలసి వచ్చిందని పిల్లలకు చెప్పడం కనీస న్యాయమని నా అభిప్రాయం. దీని అర్థం మనవాళ్లకు అన్నీ ముందే తెలుసునని గొప్పలు పోవడం కాదు. అలాంటి మాటలు ఇటు శాస్త్రానికీ, అటు పనివారికీ మేలు చేయవు. మూత వేసే మనిషికి కంపన రీతుల సమీకరణం తెలియదు. సమీకరణం తెలిసిన నాకు మూత వేయడం రాదు. ఒకరి దగ్గర ఉన్నది మరొకరి దగ్గర లేదు గనుకనే వారు కలవాలని అడుగుతున్నాను.

డప్పును కూడా మరవకూడదు. ఆట మొదలయ్యే ముందు నాలుగు ఎండుటాకులు పోగేసి నిప్పు రాజేసి డప్పు కాచుకోవడం మన ఊళ్లలో అందరూ చూసే దృశ్యమే. వేడికి తోలులోని తేమ పోయి బిగువు పెరుగుతుంది. తోలు కంపించే వేగం బిగువు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి డప్పు గొంతు ఖంగుమంటుంది. పదో తరగతి పిల్లవాడికి వర్గమూలం ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. అయినా మన తరగతి గదుల్లో ధ్వని పాఠం శ్రుతిదండంతో మొదలై, సోనామీటరు మీదుగా అనునాద గొట్టం దగ్గర ఆగిపోతుంది. తోలు కంపనాలు 'కష్టం' అని వదిలేస్తాం. లెక్క కష్టమే కావచ్చు, వినడం కష్టం కాదు కదా.

ఉద్యోగంలో ఉండగా ఒక కళాశాలలో ఈ ప్రయోగాన్ని చేయించాలని నేను ప్రయత్నించాను. సొంత మృదంగం, గుప్పెడు సన్నటి ఇసుక తీసుకువెళ్లాను. ప్రయోగశాలలో పాటకచేరీలు పెట్టవద్దని, సిలబస్‌లో లేని దానికి సమయం కేటాయించలేమని పైనుంచి చెప్పారు. ఇది సంగీత పాఠశాల కాదు మాస్టారూ అన్న మాట ఇంకా గుర్తుంది. పదవీ విరమణ తరువాత మా ఇంటి వసారాలోనే ఆ పని చేశాను. పక్కింటి ఇంటర్ పిల్లలు తమ ఫోనులో పౌనఃపున్యాలను గీతలుగా చూపించే యాప్ వేసుకుని వచ్చారు. మొదట ఒక బొమ్మల కొట్టు డ్రమ్ము కొట్టించాను. తెర మీద శిఖరాలు ఎడాపెడా లేచాయి. తరువాత మృదంగం మీద 'నం' వాయించాను. సమాన దూరంలో, దువ్వెన పళ్లలా, శిఖరాలు వరసగా నిలబడ్డాయి. వారిలో ఒక అమ్మాయి ఏమీ మాట్లాడకుండా దగ్గరికి వచ్చి, కరణిని వేలితో తడిమి చూసింది. అంతకుముందు ఏ పాఠంలోనూ పిల్లలు ఒక పరికరాన్ని అలా తాకడం నేను చూడలేదు.

మా జిల్లా విషయానికి వస్తే, ఇలాంటి కలయికకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ప్రారంభమైన సంగీత కళాశాల విజయనగరంలో ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది, 1936 నుంచి అధ్యక్షత వహించింది అక్కడే. వయొలిన్ మీద రామన్ గ్రంథం వెలువడిన మరుసటి ఏడే ఈ కళాశాల పుట్టింది. అదే ఊళ్లో విజ్ఞానశాస్త్రం చెప్పే కళాశాలలు కూడా ఉన్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మాను నుంచి వీణలు తొలిచే కుటుంబాలున్నాయి. వీణ, తంబూరాల్లో తీగలు ఆనుకునే గుర్రం (బ్రిడ్జి) గురించి రామన్ చెప్పినది కూడా అక్కడ నిలబడి చెబితే ఎంత బాగుంటుందో ఊహించండి. తీగను ఏ స్థానంలో మీటితే ఆ స్థానం కదలని బిందువుగా గల అతిస్వరం పుట్టకూడదని పాత సూత్రం. గుర్రం పైభాగం కత్తి అంచులా కాక కాస్త వంపుగా ఉన్న మన వాద్యాల్లో ఆ అతిస్వరాలు కూడా పలుకుతాయని రామన్ గమనించారు. తంబూరాలో తీగ కింద దూర్చే నూలుపోగును మనం 'జీవ' అంటాం. దాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదానికి ప్రాణం లేచివస్తుంది. ఆ పేరు పెట్టినవారు ఎవరో గాని, సరిగ్గా విని పెట్టారు.

విషయం ధ్వనితోనే ముగియదు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ నీళ్లలో పాలు కలిపి తడిపిన నూలు గుడ్డ మీద, పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన కసిమితో గీత గీస్తే, లేత గోధుమ వన్నె ద్రవం గుడ్డను తాకగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలవడం వల్ల జరిగే చర్య అది. పటిక వేసిన చోట మాత్రమే ఎరుపు అంటుతుంది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. 1742లో కోర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ మతగురువు, తెలుగు నేర్చుకున్న మనిషి, ఈ పద్ధతులను స్థానిక పనివారి నుంచి అడిగి తెలుసుకుని తన దేశానికి ఉత్తరాల్లో రాసి పంపాడు. ఐరోపా వారు మన అద్దకపు రసాయనశాస్త్రాన్ని ఎంత జాగ్రత్తగా చదువుకున్నారో ఆ ఉత్తరాలే సాక్ష్యం. మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఇంతవరకు ఒక కరక్కాయ కనిపించలేదు.

రామన్ ఎఫెక్ట్ నిర్వచనం చెప్పే పిల్లలకు మరో సంగతి కూడా చెప్పాలి. ఆ ఆవిష్కరణ మీద ఆధారపడిన పరికరాలతో ఇవాళ ప్రపంచంలోని ప్రదర్శనశాలల్లో పాత చిత్రాల రంగులను, గీకకుండా, ముక్క తీయకుండా, సన్నని లేజర్ కాంతి పడేసి గుర్తిస్తున్నారు. ప్రతి రంగు పదార్థానికీ తనదైన వేలిముద్ర లాంటి వర్ణపటం ఉంటుంది. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం, అంతకు నూరేళ్ల ముందుదని చెప్పే బొమ్మలో బయటపడితే, ఆ భాగాన్ని తరువాత ఎవరో దిద్దారనో, బొమ్మే నకిలీ అనో తేలిపోతుంది. సంగీతం వింటూ ధ్వనిశాస్త్రంలోకి వచ్చిన మనిషి, కాంతిలో కనుక్కున్నది చిత్రకళను కాపాడడానికి పనికివచ్చింది.

అందువల్ల మీ పత్రిక ద్వారా విద్యాశాఖల అధికారులకు, కళాశాలల యాజమాన్యాలకు నా విన్నపం ఇది. గోడ మీద అణువు బొమ్మ వేయించి, వార్షికోత్సవంలో గ్రహాల మీద నాటిక ఆడించి దాన్నే శాస్త్రానికీ కళకూ వేసిన వంతెనగా చెప్పుకోవడం మానుకోవాలి. వచ్చే ఫిబ్రవరి 28న ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఒక మృదంగం, లేదా డప్పు, లేదా తంబూరా, ఏది అందుబాటులో ఉంటే అది, భౌతికశాస్త్ర బల్ల మీదికి రావాలి. ఇసుక చల్లి, ఫోను పెట్టి, పిల్లల చేతనే వాయించి చూపించాలి. సంగీత కళాశాలల్లో ధ్వనిశాస్త్రానికి వారానికి ఒక్క గంటైనా కేటాయించాలి, డిగ్రీ ప్రాజెక్టుల్లో స్థానిక వాద్యాల కొలతలను అంగీకరించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మూతలు వేసేవారిని, వీణలు చేసేవారిని చప్పట్లు కొట్టే ప్రేక్షకులుగా కాక, అతిథి అధ్యాపకులుగా పిలిచి, అతిథి అధ్యాపకులకు ఇచ్చే పారితోషికమే ఇవ్వాలి. ఈ పనిలో ఉన్న పెద్దలు తగ్గిపోతున్నారు. ముద్ద పాళ్లు, పూతల వరస, రాయి ఒత్తిడి ఇవేవీ ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేవు. వారు పనిచేస్తూండగా పక్కన కూర్చుని, పూత పూతకూ నాదాన్ని రికార్డు చేసి, కొలిచి, వారి పేరుతోనే భద్రపరిస్తే అది ఎవరైనా గర్వంగా సమర్పించదగిన పరిశోధన అవుతుంది.

విజయనగరం చుట్టుపక్కల ఏ ప్రభుత్వ పాఠశాల వారైనా ఈ ప్రయోగం పెట్టుకుంటామంటే నా మృదంగంతో వచ్చి పిల్లలతో ఒక పూట గడపడానికి సిద్ధంగా ఉన్నాను. ఇసుక మాత్రం అక్కడే కాస్త జల్లించి ఉంచమని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం.